ఖండించడానికి ఎదురుమాట ఏది? రుజువు, నిర్ధారణ, ధ్రువీకరణల్లో ఏది ఎక్కడ వాడాలి

పత్రిక డెస్కులో చేరిన కొత్తల్లో ఒక జిల్లా పేజీ వార్తకు ‘పంచాయతీ నిధుల స్వాహా రుజువు’ అని శీర్షిక పెట్టాను. లోపల ఉన్నదల్లా విచారణాధికారి పైవాళ్లకు పంపిన ప్రాథమిక నివేదిక, అందులోనూ ‘రికార్డుల్లో తేడాలు కనిపించాయి’ అనే ఒక్క ముక్క. మర్నాడు ఆ ఊరి సర్పంచ్ గారు ఫోన్ చేశారు. అరుస్తారేమోనని టెన్షన్ పడ్డాను గానీ, ఆయన ఒకే ఒక్క ప్రశ్న వేశారు: “బాబూ, రుజువైందని రాశారు కదా, ఎవరు రుజువు చేశారు, ఎక్కడ చేశారు?” నా దగ్గర జవాబు లేదు. మూడో రోజు లోపలి పేజీలో వేలెడంత సవరణ వేసుకున్నాం.

అప్పటినుంచి ఈ మాటల జోలికి వెళ్లేముందు ఒకటికి రెండుసార్లు చూసుకుంటాను. ఒక మాట తప్పని తేల్చడానికి ఎదురుగా, అది నిజమని చెప్పడానికి తెలుగులో బోలెడు మాటలున్నాయి. రుజువు చేయడం, నిరూపించడం, నిర్ధారించడం, ధ్రువీకరించడం, బలపరచడం, సమర్థించడం, తేల్చడం, సరిచూడటం, ఖరారు చేయడం... పర్యాయపదాల పట్టికలో ఇవన్నీ ఒకే వరసలో కూర్చుంటాయి, వాక్యంలో పెట్టగానే దేని బరువు దానిదే. వార్తలు రాసేవాళ్లకి, అనువాదాలు చేసేవాళ్లకి, సోషల్ మీడియాలో వాదనలకు దిగేవాళ్లకి పనికొస్తుందని నేను పాటించే పద్ధతిని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

1. ముందు మీ ‘ఖండన’ ఏ రకమో చూసుకోండి

అసలు గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. ‘ఖండించు’ అనే ఒక్క క్రియతో మనం మూడు పనులు చేయిస్తున్నాం. ‘ఆరోపణలను మంత్రి ఖండించారు’ అంటే ఆయన కాదన్నారు, అంతే, ఒక్క కాగితం కూడా చూపించి ఉండకపోవచ్చు. ‘దాడిని అన్ని పార్టీలు ఖండించాయి’ అంటే తప్పుపట్టాయి. దాడి జరగలేదని ఎవరూ అనడం లేదు. ‘ఆ వాదాన్ని ఆధారాలతో ఖండించాడు’ అన్నప్పుడు మాత్రమే అది తప్పని చూపించినట్టు.

మూడింటికీ ఎదురుమాటలు వేరు. మొదటిదానికి ఒప్పుకోవడం, లేదా ధ్రువీకరించడం. రెండోదానికి సమర్థించడం. మూడోదానికే రుజువు చేయడం, నిరూపించడం. ‘మంత్రి ఖండించారు’ అన్నంత మాత్రాన ఆరోపణ వీగిపోదు, అలాగే ‘ప్రతిపక్షం ఆరోపించింది’ అన్నంత మాత్రాన రుజువూ కాదు. నన్నడిగితే కాదనడం వరకే అయితే ‘తోసిపుచ్చారు’, ‘కొట్టిపారేశారు’ అని రాసుకుని, ‘ఖండించడం’ అనే మాటను ఆధారాలు చూపిన సందర్భానికి దాచుకుంటే బాగుంటుంది. ఎవరూ వినరనుకోండి.

2. గదులు రెండు కాదు, మూడు

ఈ మెట్టు దాటితే మిగతావి తేలిక. ఏదైనా సంగతి నిజమని రుజువవ్వాలి లేదా అబద్ధమని రుజువవ్వాలి అన్నట్టు వాదించుకుంటాం కదా, మన చట్టం అలా అనుకోలేదు. 1872 నాటి భారత సాక్ష్య చట్టం మూడో సెక్షన్‌లోనే మూడు విడివిడి నిర్వచనాలున్నాయి: రుజువైనది, అబద్ధమని రుజువైనది, రుజువు కానిది. ఆ చట్టం పోయి 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ అమల్లోకి వచ్చినా, ఈ మూడు గదులూ అలాగే ఉన్నాయి. ముందున్న సంగతులన్నీ చూశాక అది ఉందని కోర్టు నమ్మితే, లేదా వివేకం ఉన్న మనిషి ఉందనుకునే ముందుకెళ్లేంత సంభావ్యత కనిపిస్తే, రుజువైనట్టు. లేదని నమ్మితే అబద్ధమని రుజువైనట్టు. అటూ కాక ఇటూ కాక మిగిలిపోతే రుజువు కానట్టు.

ఈ మూడో గదిని నాకు బాగా అర్థమయ్యేలా చెప్పింది లాయర్లు కాదు, మా పెదనాన్న పెన్షన్. ఏటా నవంబరులో పెన్షనర్లు బతికున్నట్టు ధ్రువీకరణ పత్రం ఇవ్వాలి కదా. 2014 నుంచి జీవన్ ప్రమాణ్ పేరుతో దాన్ని ఆన్‌లైన్‌లోనే ఇచ్చే వీలు వచ్చింది. ఆయన రిటైర్డ్ మాస్టారు, ముప్ఫై ఏళ్లు సుద్దముక్క పట్టుకున్న వేళ్లు, పైగా వయసుకి గీతలన్నీ అరిగిపోయాయి. కౌంటర్ దగ్గర బొటనవేలు పెట్టారు, ఎర్రలైటు. చూపుడువేలు, ఎర్రలైటు. పంచె అంచుకు తుడుచుకుని మళ్లీ పెట్టారు, మళ్లీ అదే. ఆయనకి చిర్రెత్తి, “ఏం బాబూ, ఇంతకీ నేను ఉన్నట్టా, పోయినట్టా?” అని అడిగారు. ఆ కుర్రాడు తల ఎత్తకుండానే అన్నాడు: “పోయినట్టు కాదు సార్, ఉన్నట్టు రాలేదంతే.”

రుజువు కాకపోవడానికి ఇంతకంటే మంచి నిర్వచనం నేను చదవలేదు. (తర్వాత ముఖాన్ని ఫోన్‌కి చూపించే పద్ధతిలో పని అయిపోయింది.) కాబట్టి ‘నేరం రుజువు కాలేదు’ అని కోర్టు చెప్తే ‘ఆరోపణ అబద్ధమని తేలింది’ అని రాయకండి. నిందితుడు నిర్దోషిగా బయటికి రావడం ఒకటి, ఫిర్యాదు చేసినవాళ్లు అబద్ధాలకోరులని తేలడం ఇంకొకటి.

3. చేతిలో ఉన్నదాన్ని బట్టి క్రియను ఎంచుకోండి

ఇప్పుడు మాటల్ని బరువు ప్రకారం కింది నుంచి పైకి పేర్చుకుందాం. అన్నిటికంటే తేలిక ‘సూచించడం’. తర్వాత ‘ఆధారం’, అంటే ఒక మాట నిలబడటానికి ఆసరా, అదొక్కటే చాలకపోవచ్చు. ఆ పైన ‘బలపరచడం’: ఇప్పటికే ఉన్న వాదనకు ఇంకోవైపు నుంచి తోడు రావడం. ‘సీసీ కెమెరా దృశ్యాలు ఆమె వాంగ్మూలాన్ని బలపరుస్తున్నాయి’ అనండి, ‘రుజువు చేస్తున్నాయి’ అనకండి. సభలో తీర్మానాన్ని ఒకరు ప్రవేశపెడితే ఇంకొకరు బలపరుస్తారు చూడండి, అదే పని. ఆ తర్వాత ‘నిర్ధారణ’, చివర్న ‘రుజువు’, ‘నిరూపణ’.

‘నిదర్శనం’ అనే మాటతో జాగ్రత్త. అసలు అర్థంలో అది కళ్లముందు చూపించే ఉదాహరణ. అన్నం ఉడికిందో లేదో చెప్పడానికి ఒక్క మెతుకు చాలు అంటామే, ఆ మెతుకు నిదర్శనం. కానీ పార్టీల ప్రకటనల్లో పడి దాని ప్రాణం పోయింది, రోడ్డు మీద గుంట కనిపించినా ‘ప్రభుత్వ వైఫల్యానికి ఇదే నిదర్శనం’, అదే రోడ్డు వేస్తే ‘అభివృద్ధికి ఇదే నిదర్శనం’. ‘తార్కాణం’ కూడా అదే దారిలో ఉంది. ఇక ‘దాఖలా’ కథ వింత, అది దాదాపుగా లేనప్పుడే బతుకుతుంది. ‘గతంలో ఇలా జరిగిన దాఖలాలు లేవు’ అని రాస్తాం, ‘దాఖలాలు ఉన్నాయి’ అని రాస్తే చెవికి ఏదో తేడాగా ఉంటుంది.

ఈ మెట్లన్నీ ఒకే కథలో చూడాలంటే గుంటూరు వెళ్లాలి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త వర్ణపట దర్శిని పట్టుకుని గుంటూరు వచ్చాడు. చంద్రుడు పూర్తిగా అడ్డం వచ్చిన ఆ కొద్ది నిమిషాల్లో సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగును విడగొట్టి చూస్తే మెరిసే గీతలు కనిపించాయి (ఏ మూలకం వెలుగుకి ఆ మూలకానివైన గీతలుంటాయి). ఆ జ్వాలలు వేడెక్కి వెలిగే వాయువులని, అందులో ముఖ్యంగా హైడ్రోజన్ ఉందని తేల్చుకున్నాడు. గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే గ్రహణం లేకపోయినా కనిపించాలే అనిపించి మర్నాడు పొద్దున్నే మళ్లీ చూశాడు, కనిపించాయి. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండ్‌లో నార్మన్ లాక్యర్ కూడా గ్రహణం అక్కర్లేకుండానే ఆ గీతల్ని చూశాడు. వాటిలో ఒక పసుపు గీత సోడియం గీతల దగ్గర్లోనే ఉన్నా వాటితో కలవలేదు. భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ సరిపడలేదు కాబట్టి ఇది కొత్త మూలకం అయ్యుండాలని ఆయన ప్రతిపాదించాడు, సూర్యుడి గ్రీకు పేరు మీద హీలియం అన్నారు. చాలామంది నమ్మలేదు. 1895లో విలియం రామ్సే యురేనియం ఉన్న ఒక ఖనిజం నుంచి వచ్చిన వాయువును పరీక్షిస్తే అదే పసుపు గీత ప్రయోగశాలలో, కళ్లముందు కనిపించింది.

ఇప్పుడు క్రియలు పెట్టండి. జాన్సెన్ గీతల్ని గమనించాడు. లాక్యర్ కొత్త మూలకాన్ని ప్రతిపాదించాడు. రామ్సే నిర్ధారించాడు. మధ్యలో 27 ఏళ్లు. ‘హీలియంను గుంటూరులో కనిపెట్టారు’ అని మనవాళ్లం గర్వంగా షేర్ చేసుకుంటాం. నాకూ గుంటూరంటే ప్రేమే, కానీ ఆ వాక్యం ముగ్గురు మనుషుల పనిని, ఇరవయ్యేడేళ్ల అనుమానాన్ని ఒక్క క్రియలో కుక్కేస్తోంది. ‘హీలియం కథ గుంటూరు గ్రహణంతో మొదలైంది’ అనండి, గర్వానికి ఏ లోటూ రాదు.

4. చెబుతున్నది ఎవరో అడగండి

రుజువు చేయడానికి హోదా అక్కర్లేదు, ఆధారాలుంటే ఎవరైనా చేయొచ్చు. ధ్రువీకరించడానికి మాత్రం అధికారం కావాలి. ‘మృతిచెందినట్టు వైద్యులు ధ్రువీకరించారు’, ‘కుల ధ్రువీకరణ పత్రం’, ‘అధికారికంగా ధ్రువీకరించాల్సి ఉంది’ వీటన్నిటిలో ఒక మాట ముందే గాల్లో ఉంటుంది, సంతకం పెట్టగలిగినవాళ్లు వచ్చి దాన్ని స్థిరం చేస్తారు. పక్కింటాయన మీ పెళ్లి సంబంధం సంగతి అవునన్నాడనుకోండి, ఆయన ధ్రువీకరించలేదు, అవునన్నాడంతే. మాట పుట్టుకలోనే ఇది ఉంది. ధ్రువం అంటే కదలనిది, ధ్రువీకరణ అంటే కదలకుండా చేయడం.

నిర్ధారణకు పరీక్షో పరిశోధనో కావాలి. కోవిడ్ రోజుల్లో ‘పాజిటివ్‌గా నిర్ధారణ అయింది’ అని ఊరూవాడా అన్నారు, ఆ వాడుక చక్కగా కుదిరింది. నిజనిర్ధారణ కమిటీ అంటాం గానీ నిజధ్రువీకరణ కమిటీ అనం, ఎందుకంటే వాళ్లు వెళ్లేసరికి నిజం ఇంకా తెలీదు.

బంగారం కొట్లో ఈ తేడా చేతికి తగులుతుంది. పాత గొలుసు తీసుకెళ్తే కంసాలి దాన్ని నల్లటి గీటురాయి మీద గీసి, ఆ గీత మీద యాసిడ్ చుక్క వేసి చూస్తాడు. రాగి కలిసిన మేరకు గీత వెలిసిపోతుంది, బంగారం అలాగే ఉంటుంది. అది పరీక్ష, ఆయన చెప్పే మాట నిర్ధారణ. అదే కొత్త నగ మీద 916 అనే హాల్‌మార్క్ ముద్ర ఉంటే, అందులో 91.6 శాతం బంగారం ఉందని, అంటే 22 క్యారెట్లదని వ్యవస్థ చెబుతున్నట్టు, అది ధ్రువీకరణ. నగ మారలేదు, మాట ఇచ్చినవాళ్లు మారారు.

కోర్టు వార్తల్లో ఇంకో రెండు మాటలు తగులుతాయి. పై కోర్టు కింది తీర్పును ‘సమర్థిస్తుంది’ లేదా ‘కొట్టివేస్తుంది’. ట్రయల్ కోర్టు వేసిన ఉరిశిక్షకు హైకోర్టు ఆమోదం తప్పనిసరి కాబట్టి అక్కడ ‘ఖరారు చేసింది’ అని కూడా రాస్తాం. 2013 నాటి దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్ల కేసులో 2016లో ప్రత్యేక కోర్టు వేసిన ఉరిశిక్షలను తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్‌లో సమర్థించింది. ఈ వాక్యంలో ‘సమర్థించింది’ బదులు ‘రుజువు చేసింది’ అని పెట్టి చూడండి, వాక్యం కూలిపోతుంది. కోర్టులు రుజువు చేయవు, రుజువైందో లేదో చెబుతాయి.

రైలు టికెట్ సంగతి వేరే చెప్పాలా? అది కన్ఫర్మ్ అవుతుంది. ‘మీ ప్రయాణం ధ్రువీకరించబడింది’ అనే మెసేజ్ ఏ యాప్ నుంచి వచ్చినా అది మిషన్ అనువాదమేనని అర్థం చేసుకోండి.

5. సరిచూడటాన్ని రుజువు అనొద్దు

లెక్కల పుస్తకాల్లో ‘నిరూపించండి’, ‘సరిచూడండి’ అని రెండు రకాల ప్రశ్నలుండేవి గుర్తుందా? సరిచూడమంటే x బదులు 3 పెట్టి రెండువైపులా సమానం వచ్చిందా చూసేసి మార్కులు తెచ్చుకునేవాళ్లం. నిరూపించమంటే దత్తాంశం, సారాంశం, పటం, ఉపపత్తి అంటూ మొత్తం తతంగం.

రెంటికీ మధ్య ఎంత దూరమో చూడండి. 1769లో ఆయిలర్ అనే గణిత శాస్త్రవేత్త ఒక ఊహ చేశాడు, దాని ప్రకారం నాలుగు ధన పూర్ణాంకాల ఐదో ఘాతాలను (అదే సంఖ్యను ఐదుసార్లు వేసి గుణిస్తే వచ్చేవాటిని) కలిపితే ఇంకో పూర్ణాంకం ఐదో ఘాతం రాకూడదు. దాదాపు రెండు వందల ఏళ్లు ఎవరూ తప్పు పట్టలేకపోయారు. 1966లో లాండర్, పార్కిన్ అనే ఇద్దరు కంప్యూటర్ మీద వెతికి 27, 84, 110, 133ల ఐదో ఘాతాలు కలిపితే 144 ఐదో ఘాతం వస్తుందని చూపించారు. ఒక్క ప్రత్యుదాహరణ, అంతే, ఊహ కుప్పకూలింది. అటువైపు గోల్డ్‌బాక్ ఊహ ఉంది, 2 కంటే పెద్దదైన ప్రతి సరిసంఖ్యనూ రెండు ప్రధాన సంఖ్యల మొత్తంగా రాయొచ్చు అని. కంప్యూటర్లతో 4 పక్కన 18 సున్నాలు పెట్టినంత సంఖ్య దాకా సరిచూశారు, ఎక్కడా తప్పలేదు. అయినా అది ఇప్పటికీ ఊహే. ఖండించడానికి ఒక్కటి చాలు, రుజువు చేయడానికి అన్ని సున్నాలూ చాలలేదు.

ఆఫీసు పనిలోనూ ఇదే. ‘సర్టిఫికెట్ల పరిశీలన పూర్తయింది’ అంటే చూశారని మాత్రమే, అవి అసలువో నకిలీవో ఆ వాక్యం చెప్పదు. ‘తనిఖీ’ కూడా అంతే. ఫలితం చెప్పాలనుకుంటే ‘అసలువేనని తేలింది’ అని విడిగా రాయాలి.

6. చేశారా, అయిందా, చేసుకున్నారా?

‘రుజువు చేశారు’ అంటే కర్త ఉన్నాడు. ‘రుజువైంది’, ‘తేలింది’ అంటే లేడు. ‘తేలింది’ ఎంత అందమైన మాటో అంత తప్పించుకునే మాట. నీళ్లలోంచి తనంతట తనే పైకొచ్చినట్టు ఉంటుంది, ఎవరు తేల్చారో చెప్పక్కర్లేదు. నా సర్పంచ్ గారు పట్టుకున్నది ఇదే. అందుకే ‘తేలింది’ అని రాసినప్పుడల్లా ముందు ‘ఎవరి విచారణలో’ అనేది ఉందా లేదా చూసుకుంటాను. ‘నిగ్గు తేల్చాలి’ అనేది ఇంకా జరగని పని, డిమాండ్లకే వాడండి.

‘నిరూపించుకోవడం’లో ఇంకో మెలిక ఉంది, బరువంతా ఆ మనిషి నెత్తిన పడుతుంది. ముఖ్యమంత్రి సభలో బలం నిరూపించుకోవాలి, అక్కడ అది న్యాయమే. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను గవర్నర్ దించేసి నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించినప్పుడు రాష్ట్రమంతా చర్చ ఒకటే, బలం ఎవరిదని. నాదెండ్ల నిరూపించుకోలేకపోయారు, నెల తిరిగేసరికి సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. 1994లో కర్ణాటక మాజీ ముఖ్యమంత్రి బొమ్మై కేసులో సుప్రీంకోర్టు బలపరీక్షకు వేదిక సభే అని చెప్పింది. అయితే ఆరోపణ ఎదుర్కొంటున్న మామూలు మనిషి గురించి ‘తన నిర్దోషిత్వాన్ని నిరూపించుకోవాలి’ అని రాసేముందు ఆగండి. మామూలుగా నేరం రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషన్.

7. పాత మాటలు, కొత్త అర్థాలు

మన పాత శాస్త్రచర్చల్లో ఎదుటివాడి వాదం పూర్వపక్షం, దాన్ని దాటి స్థిరపడేది సిద్ధాంతం. ‘నా మాటను పూర్వపక్షం చేశాడు’ (అంటే కొట్టిపడేశాడు) అనే వాడుక అక్కణ్నుంచే. అంటే పాత లెక్కలో ఖండనకు సిసలైన ఎదురుమాట సిద్ధాంతమే, తేలిపోయిన విషయం. ఇవాళ దాన్నే ‘ఏదో సిద్ధాంతం చెప్తున్నాడులే’ అని తేలిగ్గా తీసేయడానికి వాడుతున్నాం. ‘ప్రమాణం’ కూడా అంతే, తర్కం నేర్పే న్యాయదర్శనంలో అది జ్ఞానానికి సాధనం, ఊళ్లో అయితే ఒట్టు. నాయకులు కాణిపాకం వచ్చి ప్రమాణం చెయ్యమని ఒకరినొకరు సవాలు చేసుకుంటారు కదా, అక్కడ జరిగేది రెండో ప్రమాణం. మొదటిది ఫైళ్లలో ఉంటుంది.

8. అక్షరాలు సరిచూసుకోండి

ధ్రువీకరణ అని రాయాలి, ‘ధృవీకరణ’ కాదు. మూలం ధ్రువ, ‘ధ’కి రావత్తు, సుడి కాదు. నిర్ధారణలో వత్తు ధ, ‘నిర్దారణ’, ‘నిర్థారణ’ రెండూ తప్పే. సమర్థించులో థ. రుజువును ‘ఋజువు’ అని రాసేవాళ్లూ ఉన్నారు, సంస్కృతంలో ఋజువంటే తిన్ననిది. నేను రుజువు అనే రాస్తాను, పలికేది అదే కాబట్టి. కన్నడంలో రుజువాతు అంటే రుజువు, రుజు అంటే సంతకం, బళ్లారి వైపు మిత్రులతో మాట్లాడేటప్పుడు ఇది నాకు ఒకసారి భలే తికమక పెట్టింది.

‘ధృవీకరణ’ మీద ఇంత గట్టిగా చెబుతున్నాను గానీ, మా ఇంట్లో బీరువాలో ఉన్న నా ధ్రువీకరణ పత్రం మీద స్టాంపుతో సహా ‘ధృవీకరణ’ అనే ఉంది. మార్పించమని వెళ్తే, తప్పు జరిగినట్టు ధ్రువీకరణ ఏదైనా తెచ్చుకోమన్నారు.